రంగం వెళ్ళినవారు సుఖపడ్డారా?

భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరొకసారి శంకుస్థాపన జరిగింది. ఆ రోజుల్లో మా వైపు ఎక్కడ నలుగురు చేరినా ఒకటే మాట: ఇక మన పిల్లలు మన ఊరినుంచే పరదేశాలకు వెళ్ళి సుఖపడతారని. వెళ్తారు, సరే. ధనిక దేశంలో ఉన్నంత మాత్రాన మనిషి సుఖపడతాడా అన్న సందేహం నాకు అప్పటినుంచీ ఉంది. దానికి జవాబు వెతకడానికి అమెరికా దాకా పోనక్కరలేదని, మన తీరం చరిత్రలోనే అది చాలావరకు ఉందని నా నమ్మకం.

ఒకప్పుడు ఈ తీరానికి ధనిక దేశమంటే బర్మా. రంగూన్‌ను మా పెద్దవాళ్ళు 'రంగం' అనేవారు. 'వాడు రంగం పోయాడు' అంటే ఇంట్లో జరుగుబాటు లేక సముద్రం దాటాడని అర్థం. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయింది. 1869లో సూయజ్ కాలువ తెరిచిన తరువాత బర్మా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. ఐరావతీ నది డెల్టాలోని అడవులు వరిచేలయ్యాయి. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేస్తూ ఆ దేశం ప్రపంచంలో అగ్రస్థానంలో నిలిచింది. ఆ ధాన్యం దంచే మిల్లులకు, ఓడలకెత్తే రేవులకు, రిక్షాలకు మనుషులు కావలసివచ్చారు.

ఇటు మన జిల్లాల పరిస్థితి వేరు. 1866 కరవు ఒరిస్సాతోపాటు గంజాం ప్రాంతాన్నీ పట్టి పీడించింది. వర్షం మీద ఆధారపడిన మెట్టభూములు, జమీందారీ శిస్తులు, తీరని అప్పులు. భోగాపురానికి దక్షిణాన భీమునిపట్నం, ఉత్తరాన కళింగపట్నం రేవులు. ఓడ దూరంగా లంగరు వేస్తే, జనం పడవల్లో అలలు దాటి వెళ్ళి ఎక్కేవారు. కొద్దిరోజుల్లో రంగూన్. అలా వెళ్ళిన తెలుగువాళ్ళందరికీ అక్కడ ఒకటే పేరు, 'కొరంగీలు'. గోదావరి జిల్లాలోని కోరంగి రేవు 1839 నాటి తుపానులో ధ్వంసమయింది. ఆ రేవును కంటితో చూడని మన విశాఖ, గంజాం జిల్లాల కూలీ కూడా బర్మాలో కొరంగీయే అయ్యాడు.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. వారిలో తెలుగువారు లక్షన్నర దరిదాపుల్లో ఉండేవారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి భారతీయులే. అక్కడి కూలి ఇక్కడికంటె ఎక్కువన్నది నిర్వివాదం. మనియార్డర్లు వచ్చాయి, అప్పులు తీరాయి, పెళ్ళిళ్ళు జరిగాయి. ఒకసారి వెళ్ళి వచ్చినవాడు మళ్ళీ వెళ్ళేవాడు. సుఖం లేకపోతే మళ్ళీ ఎందుకు వెళ్తాడని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. అయితే మళ్ళీ వెళ్ళడానికి సుఖమే కారణం కానక్కరలేదు. తెచ్చిన డబ్బు అయిపోయి, ఇక్కడి మెట్టచేను మళ్ళీ ఎండినా వెళ్ళేవాడు.

వాడు వెళ్ళిన పద్ధతిని కూడా గమనించాలి. మేస్త్రీ ఊరికి వచ్చి, ఓడఖర్చులకూ ఇంటిఖర్చులకూ బయానా ఇచ్చి మనిషిని తీసుకుపోయేవాడు. ఆ బాకీ కూలిలోనుంచి మినహాయించుకునేవాడు. బాకీ తీరేదాకా వేరేచోట పనిచేసే స్వేచ్ఛ వాడికి లేదు. రంగూన్‌లో కూలీల ఇరుకు గదులను గురించి 1931లో రాయల్ లేబర్ కమిషన్ తన నివేదికలో గట్టిగానే రాసింది. వెళ్ళినవాళ్ళలో స్త్రీలు బహు స్వల్పం. భార్య ఇక్కడ, భర్త అక్కడ. బర్మాకు వచ్చే భారతీయులను గురించి జేమ్స్ బాక్స్టర్ సమర్పించిన నివేదిక 1941లో వెలువడింది. చాలామంది కూలీలు కొద్ది ఏళ్ళు మాత్రమే ఉండి తిరిగిపోయేవారని అందులో తేలింది. అంటే మన కూలీ ధనిక దేశంలో పనిచేశాడే గాని, కాపురం ఉన్నది ఇక్కడే. వాడి సుఖదుఃఖాల లెక్కంతా సొంత ఊరిలోనే ఉండేది. రంగూన్ వర్తకుడి మేడను చూసి వాడు తన బతుకును కొలుచుకోలేదు. ఊళ్ళో పొరుగువాడి పెంకుటిల్లును చూసి కొలుచుకున్నాడు.

ఈ కొలతను గురించే 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త రాశాడు. ఒక దేశంలో ధనికులు పేదలకంటె ఎక్కువ తృప్తిగా కనిపిస్తారు. కాని దేశం మొత్తం ఏళ్ళతరబడి ధనికమవుతూ పోయినా ప్రజల సగటు తృప్తి ఆ మేరకు పెరగదని ఆయన వాదన. మనిషి తనను చుట్టుపక్కలవారితో పోల్చుకోవడమే దీనికి ఆయన చూపిన కారణాల్లో ముఖ్యమైనది. దీన్ని కాదన్నవారూ ఉన్నారు. ధనిక దేశాల ప్రజలు సగటున ఎక్కువ తృప్తి చెబుతారని సర్వేలు చూపుతున్న మాట నిజమే. 2018 నాటి ప్రపంచ సంతోష నివేదిక ప్రత్యేకించి వలసవెళ్ళినవారిని గురించి పరిశీలించింది. వారి తృప్తి చాలావరకు చేరిన దేశపు ప్రజల తృప్తి స్థాయికి దగ్గరవుతుందని అది తేల్చింది. మరోవైపు, టోంగా ద్వీపాలనుంచి లాటరీ పద్ధతిలో న్యూజిలాండ్ వెళ్ళినవారిని గురించి 2015లో ఒక పరిశోధన వెలువడింది. వారి ఆదాయం బాగా పెరిగింది, మనోవ్యాకులత తగ్గింది, కాని సంతోషంగా ఉన్నారా అని అడిగితే వచ్చిన జవాబు మునుపటికంటె తగ్గింది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదని నాకనిపిస్తుంది. చేరిన దేశం తృప్తిలో వాటా దొరకాలంటే, ముందు ఆ దేశం మనిషిని తనలో చేర్చుకోవాలి.

కొరంగీని బర్మా చేర్చుకోలేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కడితే, యజమానులు బర్మీయులను పనిలోకి దించారు. రాజీ కుదిరి తెలుగువాళ్ళు తిరిగి రాగానే బర్మీయులను పొమ్మన్నారు. ఆకలితో ఉన్న ఇద్దరు పేదవాళ్ళు కొట్టుకున్నారు. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు భారతీయ కూలీలే. 1938లో మళ్ళీ అల్లర్లు. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి. తరువాతి నెలల్లో నాలుగైదు లక్షలమంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా ఇంటిదారి పట్టారు. కలరాకు, మలేరియాకు, ఆకలికి దారిలో రాలిపోయినవారు వేలల్లో ఉన్నారు. ఏ దేశం వారిది అనుకున్నారో ఆ దేశానికి నడిచారు.

మిగిలినవారి కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 1962లో జనరల్ నెవిన్ అధికారంలోకి వచ్చాడు. దుకాణాలు, వర్తకం జాతీయం కావడంతో 1964నుంచి లక్షలాది భారతీయులు దేశం విడిచారు. మన ప్రభుత్వం వారిని కాందిశీకులుగా తెచ్చి పునరావాసం కల్పించింది. విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' పేరు అలా వచ్చినదే. వారిలో చాలామంది బర్మాలోనే పుట్టినవారు. వారికి అది రంగం కాదు, సొంతూరు. సొంతదేశానికి వచ్చారని మనం అనుకున్నాం గాని, వారు సొంతూరు పోగొట్టుకుని వచ్చారు. 1987లో ఐక్యరాజ్య సమితి బర్మాను అత్యల్పాభివృద్ధి దేశాల జాబితాలో చేర్చింది. ఒకనాటి ధనిక దేశం ఒక జీవితకాలంలోనే అక్కడికి చేరింది. అయినా ఆ దేశాన్ని వదలకుండా ఉండిపోయిన తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. సంపద కోసమే మనుషులు ఒకచోట ఉంటారనుకుంటే, వారెందుకు ఉన్నట్టు?

కనుక నా జవాబు ఇది. ధనిక దేశం మనిషి ఆకలి తీర్చగలదు. అది చిన్న మేలు కాదు. ఆకలి తెలిసినవాడెవడూ దాన్ని తేలికగా తీసివేయడు. రంగం పోయినవారిని అవివేకులనే హక్కు నాకు లేదు. కాని సుఖం దేశపు ఆదాయంలో పుట్టదు. అప్పు లేకుండా వెళ్ళగలిగాడా, ఆలుబిడ్డలతో ఉండగలిగాడా, రేపు పొమ్మనరన్న ధైర్యం ఉందా అన్నవాటిలో పుడుతుంది. ఈ మూడూ లేని మనిషికి ధనిక దేశం కూలి దొరికే రేవు మాత్రమే.

భోగాపురంనుంచి విమానం ఎక్కే మా పిల్లలకు నేను వెళ్ళవద్దని చెప్పను. ఏజెంటుకు ఎంత బాకీ పడ్డావు, ఎవరిని వదిలి వెళ్తున్నావు, అక్కడ ఎన్నాళ్ళు ఉండనిస్తారు అని మాత్రం అడుగుతాను. మేస్త్రీ బయానా పుచ్చుకుని పడవెక్కిన మా తాతలను ఈ మాటలు అడిగినవారు లేరు.