చేవెళ్ల గగనమున మూగవోయిన విమానము

హైదరాబాదునుండి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవు బాట కిరువైపుల నీడలు పఱచుకొని నిలిచిన మఱ్ఱిమ్రాకులును, ఆ బాటకు ఉత్తరమున ఉస్మాన్ సాగరును, దక్షిణమున హిమాయత్ సాగరును, ఇంకను పైగా శంకరపల్లి వికారాబాదుల మీదుగా వాడి వఱకు సాగు 1874 నాటి ఇనుపదారియును నేలపై నడచు మనకు నిత్యపరిచితములే యైనను, రేడియో మూగవోయిన చిన్న విమానములో నొంటరిగా కూర్చున్న వైమానికునకు మాత్రము అవి ప్రాణరక్షకములు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, అట్టి విపత్తు మరల రాకుండుటకై 1920లో నొకటియు, 1927లో నొకటియు పూర్తియైన ఆ జంట జలాశయములు, కట్టించినవారి సంకల్పములో లేని ఈ రెండవ ఉపకారమును ఆకాశయాత్రికులకు చేయుచున్నవి.

రేడియో చెడుట యన నేడు ఆపద. కాని ఒకనాడు విమానములో రేడియో లేకుండుటయే సామాన్యస్థితి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బేగంపేటలో నెలకొన్న ప్రాథమిక వైమానిక శిక్షణాలయమున యువకులు నేర్చినది టైగర్ మాత్ అను రెండు ఱెక్కల వరుసల తేలిక విమానముపైననే. ముందు వెనుకలుగా కూర్చున్న గురుశిష్యులు ఒక గొట్టముగుండ మాటలాడుకొనుచుండిరేగాని, నేలతో వారికి వాక్సంబంధ మెక్కడిది? గాలిగుడ్డ చూచి గాలి దిక్కును, నేలపై పఱచిన తెల్లని ‘టి’ గుర్తు చూచి దిగవలసిన దిక్కును గ్రహించుచుండిరి. ఎఱ్ఱని చదరముపై పసుపుపచ్చని గీతలు రెండు అడ్డముగా ఖండించుకొన్నచో అచ్చట దిగరాదని వారెఱుగుదురు.

ఈ సంకేతవిద్య ఏ ఒక్క దేశముదియు కాదు. 1919లో పారిస్ నగరమున కుదిరిన వైమానిక ఒడంబడికలోనే దీపములకును సంకేతములకును ఒక అనుబంధము చోటుచేసికొన్నది. 1937 నాటి భారత విమాన నియమావళియు, 1944 డిసెంబరులో చికాగోలో కుదిరిన ఒప్పందమును అనుసరించి వెలసిన అంతర్జాతీయ నియమములును ఆ సంప్రదాయమునే నిలిపినవి. గాలిలో నున్నవానిపై విమానక్షేత్రపు నియంత్రణ గోపురమునుండి నిలుకడగా పచ్చని కాంతి ప్రసరించినచో దిగుటకు అనుజ్ఞ. నిలుకడగా ఎఱ్ఱనిదైనచో, ఇతరులకు దారి విడిచి చుట్టు తిరుగుచుండుమని ఆజ్ఞ. ఆగియాగి వెలుగు ఎఱుపు, ఈ నేల క్షేమకరము కాదు, దిగవలదని చెప్పును. ఆగియాగి వెలుగు పచ్చదీపమును నిలుకడదీపముగా పొరపడువాడు మిక్కిలి ప్రమాదమున పడును. ఏలయన అది దిగుటకై మరలి రమ్మని పిలుచునే కాని, దిగుమని అనుజ్ఞ యీయదు. అందిన ఆజ్ఞకు బదులుగా పగలైనచో ఱెక్క లూపవలెను, రాత్రియైనచో దిగుదీపములను రెండుమార్లు వెలిగించి ఆర్పవలెను. ఇంత కొద్ది సామగ్రితో, పలుకన్నది లేకయే, ప్రాణములు మోయగల సంభాషణమును కల్పించిన ఆనాటివారి వివేకమునకు నేను నమస్కరించుచున్నాను.

తరువాత ప్రతి శిక్షణ విమానమునకును రేడియో వచ్చెను. అది మూగవోయినప్పుడు వైమానికుని మొదటి ధర్మము విమానమును సక్రమముగా నడుపుటయే. తక్కినవన్నియు ఆ పిమ్మటివి. హెడ్‌సెట్ ప్లగ్గు ఊడినదేమో, శబ్దము తగ్గియున్నదేమో, మైకు మీట నొక్కుకొనిపోయి యున్నదేమో చూడవలెను. అప్పటికిని జవాబు రానిచో ట్రాన్స్‌పాండరులో 7600 అను సంఖ్యను అమర్చవలెను; రాడారు తెరపై ఆ సంఖ్యను చూచినవారికి, వీడు మాటలాడలేకున్నాడని తెలియును. తన మాట వారికి వినబడుచుండవచ్చును గనుక, ఉన్నచోటును ఉద్దేశమును పలుకుచునే యుండవలెను. కంటికి నేల స్పష్టముగా కనబడు వాతావరణమైనచో, ఆ వాతావరణమునే విడువక, సమీపమున తగిన విమానక్షేత్రములో దిగి, తన రాకను సాధ్యమైనంత శీఘ్రముగా నియంత్రకులకు తెలియజేయవలెననునది నియమము.

చేవెళ్లపై నిట్టి స్థితి కలిగిన శిక్షణార్థికి బేగంపేట ఈశాన్యమున నున్నది. ఉస్మాన్ సాగరు ముందునకు వచ్చి, హిమాయత్ సాగరు కుడిచేతి వైపున నిలిచినచో త్రోవ తప్పలేదన్నమాట. హిమాయత్ సాగరు ఎడమకు వచ్చెనా, 2008 మార్చి 23న రాకపోకలు మొదలైన శంషాబాదు పెద్దవిమానముల దారికి చేరువగుచున్నాడని తెలిసికొనవలెను. ఉత్తరమున దుండిగల్‌లో 1971 నుండి వైమానికదళపు అకాడమీ కలదు. టైగర్ మాత్ నాటి నిర్జనాకాశము కాదిది. మూగయైన ఒక్క విమానమునకై పలువురు తమ దారులు మార్చుకొనవలసి వచ్చును.

ఉపగ్రహములు చూపు దారిని నమ్మి ఎగురు నేటి యువకులారా! తొలిసారి ఒంటరిగా గాలిలోని కేగుటకు పూర్వమే కాగితపు పటమును ముందిడుకొని ఈ చెఱువులను, ఈ ఇనుపదారిని, ఈ మఱ్ఱిబాటను పేరుపేరున కంఠస్థము చేయుడు. గోపురములోని వారిని వేడుకొని ఆ సంకేతదీపము నొక్కమారైన మీపై వెలిగింపించుకొని, దాని వన్నెలను మీ కన్నులార చూచి యుండుడు.