విశ్రాంత స్థితి ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐలో తల కదలిక

మనిషి ఏ పనీ చేయకుండా స్కానర్‌లో పడుకుని ఉన్నప్పుడు మెదడులోని వేర్వేరు ప్రాంతాల సంకేతాలు ఎంతవరకు కలిసి హెచ్చుతగ్గులవుతున్నాయో కొలిచే పద్ధతి విశ్రాంత స్థితి ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ. చేతుల కదలికలను నడిపే కుడి, ఎడమ ప్రాంతాల సంకేతాలు విశ్రాంతిలోనూ కలిసే మారుతుంటాయని 1995లో భరత్ బిస్వాల్, ఆయన సహచరులు చూపారు. ఈ రంగాన్ని అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టింది తల కదలిక. పని అప్పగించే ప్రయోగాల్లో ఆ పని మొదలైన క్షణం తెలుస్తుంది కనుక సంకేతాన్ని దానితో సరిచూసుకోవచ్చు. ఇక్కడ ఆ ఆధారం లేదు. రెండు ప్రాంతాలు కలిసి మారడమే ఇక్కడ ఫలితం; తల కదిలినా అవి కలిసే మారతాయి.

వరుస చిత్రాలను ఒకదానిపై ఒకటి సరిగ్గా పేర్చడం తొలి మెట్టు మాత్రమే. తల జరిగినప్పుడు అయస్కాంత క్షేత్రం తీరు మారుతుంది, కణజాలం పొందే ఉత్తేజం లెక్క తప్పుతుంది. చిత్రాలను ఎంత జాగ్రత్తగా పేర్చినా ఈ మార్పులు సంకేతంలో మిగిలిపోతాయి.

2012లో జొనాథన్ పవర్, కూనే వాన్ డైక్, థియోడర్ శాటర్త్‌వెయిట్ ముందుండి రాసిన మూడు వేర్వేరు పరిశోధనలు ఒకే నిర్ధారణకు వచ్చాయి: మిల్లీమీటరు కంటే ఎంతో చిన్న కదలికలు కూడా దగ్గరి ప్రాంతాల మధ్య సంబంధాన్ని పెంచి, దూరపు ప్రాంతాల మధ్య సంబంధాన్ని తగ్గించి చూపుతాయి. ఇది గుడ్డిగా చేరే రొద అయితే సగటులో కొట్టుకుపోయేది. కానీ పిల్లలు పెద్దలకంటే ఎక్కువ కదులుతారు. వయసుతో దూరపు సంబంధాలు బలపడతాయని అంతకుముందు వెలువడిన ఫలితాల్లో మెదడు ఎదుగుదల ఎంత, కుదురు ఎంత అన్న ప్రశ్న అప్పుడే గట్టిగా లేచింది. వృద్ధులను, ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నవారిని ఇతరులతో పోల్చే అధ్యయనాలకూ ఇదే ప్రమాదం ఉంది.

కదలికను ఎక్కువగా ఫ్రేమ్‌వైజ్ డిస్‌ప్లేస్‌మెంట్‌తో కొలుస్తారు. ఒక చిత్రం నుంచి మరో చిత్రానికి తల మూడు దిశల్లో ఎంత జరిగిందో, మూడు అక్షాల చుట్టూ ఎంత తిరిగిందో కూడతారు. పవర్ సూత్రంలో తిరుగుడును 50 మి.మీ. వ్యాసార్థమున్న గోళంపై దూరంగా మారుస్తారు. హద్దు దాటిన చిత్రాలను తీసేయడమే స్క్రబ్బింగ్. 2012లో పవర్ బృందం పెట్టిన 0.5 మి.మీ. హద్దు చాలా సడలింపుగా తేలి, తర్వాత 0.2 మి.మీ. దాకా దిగింది. ఇక్కడ పనుల క్రమం ముఖ్యం: చెడిన చిత్రాలను పక్కన పెట్టకముందే ఫిల్టర్ వేస్తే వాటి కల్మషం పక్క చిత్రాలకూ పాకుతుంది.

కదలిక ప్రభావాన్ని సంకేతంలోంచి లెక్కతో తీసేసే మిగతా మార్గాల్లో ఫ్రిస్టన్ 24 కొలతల రిగ్రెషన్, కాంప్‌కార్, 2015లో వచ్చిన ఐసీఏ-అరోమా ప్రసిద్ధమైనవి. మొత్తం మెదడు సగటు సంకేతాన్ని తీసేసే గ్లోబల్ సిగ్నల్ రిగ్రెషన్ కదలిక ప్రభావాన్ని బాగా తగ్గిస్తుంది. కానీ దూరాన్ని బట్టి మారే దోషం దానితో పోదు. పైగా అది లేని రుణాత్మక సంబంధాలను తెచ్చిపెట్టగలదు. దీన్ని వాడాలా వద్దా అన్న వాదం నిజంగా తెగలేదు. స్క్రబ్బింగ్ దూరాన్ని బట్టి మారే ఆ దోషాన్నీ తగ్గిస్తుంది కానీ డేటాను తినేస్తుంది.

శ్వాసతో మరో తిరకాసు ఉంది. ఊపిరితిత్తులు నిండి ఖాళీ అవుతుంటే అయస్కాంత క్షేత్రం మారి, తల నిశ్చలంగా ఉన్నా కదిలినట్టు లెక్కలో కనిపిస్తుంది. వేగంగా చిత్రాలు తీసే స్కాన్లలో ఇది స్పష్టంగా బయటపడుతుంది.

ముందే కదలిక తగ్గించడం అన్నిటికన్నా మేలు. నకిలీ స్కానర్‌లో పిల్లలకు అలవాటు చేస్తారు, సినిమా చూపిస్తారు, కదలికను అప్పటికప్పుడే లెక్కగట్టి తగినంత మంచి డేటా వచ్చేదాకా స్కాన్ కొనసాగిస్తారు. బాగా కదిలినవారిని అధ్యయనం నుంచి తొలగించడం సులువే, కానీ అలా జారిపోయేవారు తరచూ చిన్న పిల్లలు, లక్షణాలు తీవ్రంగా ఉన్న రోగులు. వారు లేకపోతే మిగిలిన నమూనా అధ్యయనం చేయదలచిన జనాన్ని పోలి ఉండదు. అందుకే ఏ హద్దుతో, ఏ గుంపు నుంచి ఎందరిని తీసేశారో పరిశోధన పత్రంలో చెప్పి తీరాలి.