ఆదిలాబాద్ గోండి: తొలి పరిచయం

గోండి ద్రావిడ భాష. తెలుగు, కువి, కొండ భాషలతో కలిసి దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందింది. మాట్లాడేవారు తమను కోయితూర్ అని చెప్పుకుంటారు. 2011 జనగణన ప్రకారం దేశంలో సుమారు 29.8 లక్షల మందికి ఇది మాతృభాష. తెలంగాణలో ఉట్నూరు, నార్నూరు, జైనూరు, కెరమెరి ప్రాంతాల గూడేల్లో ఎక్కువగా వినిపిస్తుంది. ఆ పక్క గూడెంలోనే వినిపించే కొలామి ఈ శాఖది కాదు. రెండింటినీ ఒకటిగా చూడటం పొరపాటు.

తెలుగువారు అంకెలతో మొదలుపెట్టడం మేలు. ఉండి, రండ్, మూంద్, నాలుంగ్ వరకు చుట్టాల గొంతు విన్నట్టే ఉంటుంది. ఐదుకు సయ్యుంగ్, ఆరుకు సారుంగ్ అనగానే చెవి ఆగుతుంది. ఆ ‘స’ను గోండి కొత్తగా తగిలించుకోలేదు. మూల ద్రావిడంలో ఈ మాటల మొదట ఉన్న ‘చ’ తెలుగులో రాలిపోయింది, ఇక్కడ ‘స’గా మిగిలింది. ఇవ్వడానికి గోండి ధాతువు ‘సీ’ కావడమూ అందుకే. వేరే గోండి మాండలికాల్లో ఈ సకారం కొన్నిచోట్ల ‘హ’ అయింది, కొన్నిచోట్ల అసలే లేదు. అలాగే మన ‘చెయ్యి’ గోండిలో ‘కై’. పాత కకారం చెదరలేదు. ‘ఏర్’ అంటే నీళ్లు, మన ఏరు పారేదీ ఆ నీళ్లతోనే. ‘నావా పరోల్’ అంటే నా పేరు. మగవారికి ‘ఓర్’, ఆడవారికీ వస్తువులకూ ‘అద్’. ‘వచ్చింది’ అనే క్రియను ఆమెకూ ఆవుకూ వాడే మనకు ఇది వింత కాదు.

ఈ భాష బడిలోకి రావడం వెనుక రక్తపాతం ఉంది. నిజాం పాలనపై తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల స్థితిగతులను చూడటానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మకాం జైనూరు దగ్గరి మార్లవాయి. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. తొలి వాచకాలు గోండిలోనే రాశారు, కాకపోతే దేవనాగరి లిపిలో. పిల్లవాడికి తెలిసిన మాటతో చదువు మొదలుపెట్టిన ఆ పని ఎంతో విలువైనది. అది ఎక్కువ కాలం నిలవకపోవడం పెద్ద నష్టం. తర్వాత సేతు మాధవరావు పగడి వ్యాకరణం రాశారు. పి.ఎస్. సుబ్రహ్మణ్యం 1968లో ప్రచురించిన వర్ణనాత్మక వ్యాకరణానికి ఆదిలాబాద్ మాండలికమే ఆధారం.

గోండికి లిపి లేదన్న మాట చాలాకాలం చెలామణి అయింది. కానీ మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లాలో మంగళ్ సింగ్ మసారాం 1918లో ఒక లిపి కూర్చారు. నార్నూరు మండలం గుంజాలలోనైతే అంతకన్నా పాత లిపే ప్రధాన్ల ఇళ్లలో భద్రంగా ఉంది. ప్రధాన్లు కీకిరి అనే తంత్రీవాద్యం వాయిస్తూ గోండుల వంశగాథలు పాడేవారు. ఆ రాతప్రతులు 2006 ప్రాంతంలో జయధీర్ తిరుమలరావు కృషితో పండితలోకానికి తెలిశాయి. వాటిలో కొన్ని 1750 నాటివని అంచనా. 2018 జూన్‌లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరింది. దాని హల్లులు మనలా క, ఖ, గ, ఘ అని నడవవు. య, వ, బ, భ, మ అని మొదలవుతాయి. చివరి అక్షరం ‘స’.