చిన్న డిజిటల్ కెమెరాకు పెద్ద పరీక్ష: బొమ్మ నాణ్యతను కొలిచిన పద్ధతుల చరిత్ర

కెమెరా తీసిన బొమ్మ నాణ్యతను పరీక్షించేవారు ప్రధానంగా ఆరు విషయాలు చూస్తారు. ఎంత సన్నని వివరం విడివిడిగా కనిపిస్తుంది, రంగులు ఎంత నికరంగా వస్తాయి, వెలుగునీడల మధ్య ఎంత తేడా ఒకే బొమ్మలో పడుతుంది, మసక వెలుతురులో రేణువుల్లాంటి నాయిస్ ఎంత పుడుతుంది, లెన్సు వల్ల గీతలు ఎంత వంగుతాయి, అంచుల వెంట రంగు చారలు ఎంత వస్తాయి అనేవే ఆ ఆరు. లెన్సు మార్చుకోగల పెద్ద కెమెరాలో ఏ లోపం ఎక్కడిదో కొంతవరకు విడదీసి చెప్పవచ్చు. జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరాలో లెన్సు, సెన్సర్, బొమ్మను దిద్దే ప్రాసెసర్ ఒకే పెట్టెలో బిగించి ఉంటాయి కాబట్టి ఆ వీలు తక్కువ. మొదట లెన్సును కొలవడానికి పుట్టిన పరీక్షలు క్రమంగా ఆ ప్రాసెసర్ దిద్దుబాట్లను కూడా పట్టుకునేలా మారాయి.

ఫిల్ము కాలంలో కొలతకు ఆధారం గీతల చార్టు. వీటిలో పేరుపొందినది అమెరికా వైమానిక దళం 1951లో రూపొందించిన చార్టు. అందులో మూడేసి గీతల గుంపులు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. ప్రతి ఆరు మెట్లకు గీతల పరిమాణం సగానికి తగ్గుతుంది. ఫొటోలో ఏ గుంపు వరకు మూడు గీతలూ విడిగా కనిపిస్తే అదే ఆ లెన్సు, ఫిల్ముల ఉమ్మడి పృథక్కరణ సామర్థ్యం. తీర్పు మాత్రం చూసేవారి కంటిదే. రంగుల విషయంలో ఇలాంటి ప్రామాణిక సాధనం 1976లో వచ్చింది. మెక్‌కామీ, ఆయన సహచరులు మ్యాక్‌బెత్ సంస్థ కోసం తయారుచేసిన కలర్‌చెకర్‌లో 24 గడులుంటాయి. మనిషి చర్మం, ఆకాశం, ఆకుల రంగులకు దగ్గరగా ఉండేవి కొన్ని. చివరి వరుసలోని ఆరు గడులు తెలుపు నుంచి నలుపు దాకా బూడిద రంగు మెట్లు. డిజిటల్ కెమెరాలు వచ్చాక కూడా ఈ చార్టు చెక్కుచెదరకుండా పనికొచ్చింది. గీతల చార్టుకు ఆ అదృష్టం దక్కలేదు.

కోడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ 1975లో కూర్చిన తొలి డిజిటల్ కెమెరా బొమ్మలో 100 అడ్డు వరుసలు, 100 నిలువు వరుసలు మాత్రమే ఉండేవి. దాన్ని క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. మామూలు కొనుగోలుదారులకు అందిన తొలి తరం కెమెరాల్లో 1994 నాటి యాపిల్ క్విక్‌టేక్ 100 బొమ్మ 640×480 పిక్సెళ్లు. వెనుక తెరతో 1995లో వచ్చిన క్యాసియో క్యూవీ-10 బొమ్మ 320×240 పిక్సెళ్లే. ఇంత తక్కువ పిక్సెళ్లున్నప్పుడు లెన్సు మంచిచెడ్డలు బయటపడే అవకాశమే తక్కువ. 1990ల చివర్లో పది, ఇరవై లక్షల పిక్సెళ్ల కెమెరాలు వచ్చాకే అసలు పరీక్ష అవసరమైంది.

అప్పుడే గీతల చార్టు ఇబ్బంది పెట్టింది. ఫిల్ము మీది రేణువులకు వరుస ఉండదు. సెన్సర్ మీది పిక్సెళ్లు మాత్రం గళ్లు గీసినట్టు ఉంటాయి. సన్నని గీత సరిగ్గా ఒక పిక్సెల్ వరుస మీద పడితే స్పష్టంగా కనిపిస్తుంది, రెండు వరుసల మధ్య పడితే బూడిద రంగు మచ్చవుతుంది. అంటే కెమెరాను ఇసుమంత జరిపినా ఫలితం మారుతుంది. గీతలు పిక్సెళ్ల కంటే సన్నబడితే చార్టులో లేని వంకర చారలు బొమ్మలో పుడతాయి. వీటినే మోయిరే అంటారు. కోడాక్‌కు చెందిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన రంగుల జల్లెడ దాదాపు అన్ని కెమెరాల్లోనూ ఉంది. దాని వల్ల ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒక్క రంగునే గ్రహిస్తుంది. మిగతా రెండింటినీ ప్రాసెసర్ ఇరుగుపొరుగు పిక్సెళ్లను బట్టి అంచనా వేస్తుంది. ఆ అంచనా తప్పితే మోయిరే చారలకు రంగులు కూడా అంటుకుంటాయి.

ఈ చిక్కుకు పరిష్కారం ఏటవాలు అంచు. నల్లని, తెల్లని భాగాలు కలిసే అంచును సుమారు 5 డిగ్రీలు వాల్చి ఫొటో తీస్తారు. అంచు ఒక్కో వరుసలో ఒక్కో చోట పిక్సెళ్లను దాటుతుంది కాబట్టి, అన్ని వరుసలనూ కలిపి చూస్తే ఒక్క పిక్సెల్ కంటే చిన్న దూరాల్లో కూడా వెలుగు మార్పు తెలుస్తుంది. దాని నుంచి గణితం ద్వారా, సన్నబడే కొద్దీ వివరానికి కాంట్రాస్ట్ ఎంత తగ్గుతుందో చెప్పే వక్రరేఖ వస్తుంది. కాంట్రాస్ట్ సగానికి పడిపోయే బిందువును షార్ప్‌నెస్‌కు కొలమానంగా తీసుకోవడం వాడుకలోకి వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2000లో వెలువరించిన ఐఎస్‌ఓ 12233 ఈ పద్ధతికి ప్రామాణికత ఇచ్చింది. కంటితో చూసి చెప్పడానికి, క్రమంగా దగ్గరపడే గీతల గుత్తులు కూడా అదే చార్టులో ఉన్నాయి. సెన్సర్ల పరిమాణాలు రకరకాలు కాబట్టి, మిల్లీమీటరుకు ఎన్ని గీతలన్న పాత లెక్కకు బదులు బొమ్మ మొత్తం ఎత్తులో ఎన్ని గీతలు విడిగా పడతాయన్న లెక్క స్థిరపడింది.

ప్రయోగశాలల్లోని చార్టులను కొనుగోలుదారుల దగ్గరికి చేర్చినవి సమీక్షా వెబ్‌సైట్లు. అమెరికాలో ఇమేజింగ్ రిసోర్స్, లండన్‌లో ఫిల్ ఆస్కీ నడిపిన డీపీరివ్యూ రెండూ 1998లోనే మొదలయ్యాయి. ప్రతి కెమెరాతోనూ అదే చార్టును, అదే అమరికలోని వస్తువులను, అదే వెలుతురులో ఫొటో తీసి పక్కపక్కన పెట్టడం వీటి పద్ధతి. నార్మన్ కోరెన్ 2004లో తెచ్చిన ఇమాటెస్ట్ సాఫ్ట్‌వేర్ ఏటవాలు అంచు లెక్కను ఇంటి కంప్యూటర్‌లోనే చేసుకునే వీలు కల్పించింది.

అంగడిలో మాత్రం పెట్టె మీది మెగాపిక్సెళ్ల సంఖ్యే మాట్లాడేది. ఆ సంఖ్యకే అర్థం ఏమిటన్న వివాదం కూడా వచ్చింది. ఫుజిఫిల్మ్ 2000లో తెచ్చిన ఫైన్‌పిక్స్ 4700 సెన్సర్‌లో సుమారు 24 లక్షల పిక్సెళ్లుంటే, అది ఇచ్చే బొమ్మలో 43 లక్షలుండేవి. ప్రత్యేకమైన పిక్సెల్ అమరిక వల్ల మధ్యవి లెక్కగట్టి నింపడమే అందుకు కారణం. తర్వాత జపాన్ కెమెరా పరిశ్రమ, బొమ్మకు నిజంగా పనికొచ్చే పిక్సెళ్లనే ప్రధానంగా చూపాలని మార్గదర్శకాలు పెట్టుకుంది. 2002లో ఏర్పడిన ఉత్పత్తిదారుల సంఘం సీపా 2003లో రిజల్యూషన్ కొలతకు తన ప్రమాణాన్ని ప్రకటించింది.

సంఖ్య నిజమైనదైనా నాణ్యతకు హామీ కాదు. కాంపాక్ట్ కెమెరాల్లో ఎక్కువగా వాడిన 1/2.5 అంగుళాల సెన్సర్ 5.76×4.29 మిల్లీమీటర్లే. 36×24 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రంతో పోలిస్తే ఆ వైశాల్యం 35వ వంతు. అంత చోట పిక్సెళ్లు పెంచితే ఒక్కోదానికి అందే కాంతి తగ్గుతుంది, నాయిస్ పెరుగుతుంది. కాంతి వివర్తనం మరో అడ్డు. లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8కి తగ్గిస్తే ఆకుపచ్చ కాంతి బిందువు సుమారు 10.7 మైక్రాన్ల మచ్చగా పరుచుకుంటుంది. సుమారు ఒకటిన్నర మైక్రాన్ల పిక్సెళ్లకు ఆ మచ్చ చాలా పెద్దది. అందుకే ఒక దశ దాటాక పిక్సెళ్లు పెరిగినా చార్టు మీద వివరం ఆ మేరకు పెరగలేదు.

ఈ సంగతిని పరీక్షలు బయటపెట్టాక కంపెనీల ధోరణిలో మార్పు కనిపించింది. 2006లో వచ్చిన ఫుజిఫిల్మ్ ఎఫ్30లో 63 లక్షల పిక్సెళ్లే ఉన్నా, మసక వెలుతురు పరీక్షల్లో మంచి పేరు తెచ్చుకుంది. క్యానన్ జీ వరుసలో 2006 నాటి జీ7లో కోటి, 2007 నాటి జీ9లో కోటి 20 లక్షలు, 2008 నాటి జీ10లో కోటి 47 లక్షల పిక్సెళ్లున్నాయి. 2009లో వచ్చిన జీ11లో మళ్లీ కోటికి దిగారు. సెన్సర్ పరిమాణం మాత్రం 1/1.7 అంగుళాలుగానే ఉంచారు. సెన్సర్‌నే పెంచడం మరో దారి. 2012 నాటి సోనీ ఆర్‌ఎక్స్100లో 13.2×8.8 మిల్లీమీటర్ల సెన్సర్ వాడారు.

అప్పటికే ప్రాసెసర్లు చార్టులకు కొత్త సవాలు విసిరాయి. నల్లని అంచు పక్కన నలుపునూ, తెలుపు పక్కన తెలుపునూ ఇంకాస్త పెంచితే ఏటవాలు అంచు పరీక్షలో మార్కులు బాగా పడతాయి. నాయిస్‌ను తుడిచేస్తే చదునైన బూడిద రంగు గడి నున్నగా కనిపిస్తుంది, ఆ కొలతా బాగుంటుంది. కానీ అదే దిద్దుబాటు గడ్డిని, జుట్టును, బట్ట నేతను నాయిస్‌గా పొరబడి పులిమేస్తుంది. రెండు పరీక్షల్లోనూ నెగ్గిన కెమెరా మనిషి ముఖాన్ని మైనపు బొమ్మలా చూపేది.

ఈ లొసుగును పట్టడానికి మూడు మార్గాలు వచ్చాయి. మొదటిది దిద్దుబాటుకు ముందరి 'రా' ఫైలును కొలవడం. 2008 నవంబరులో మొదలైన డీఎక్స్‌ఓమార్క్ సెన్సర్ మార్కులు దీని మీదే ఆధారపడ్డాయి. వేర్వేరు పిక్సెల్ సంఖ్యలున్న కెమెరాలను పోల్చడానికి ఫలితాలను 80 లక్షల పిక్సెళ్ల ప్రింటు స్థాయికి సరిచేసేవారు. అయితే చౌక కాంపాక్ట్‌లలో చాలా వరకు 'రా' ఫైలు ఇవ్వవు కాబట్టి ఈ మార్గం వాటికి పనికిరాలేదు. రెండోది 'రాలిన ఆకుల' చార్టు. రకరకాల పరిమాణాల, ఛాయల వృత్తాలు ఒకదాని మీద ఒకటి చెదురుమదురుగా పడి ఉన్న ఈ నమూనాను సన్నని అల్లికల కొలతకు వాడవచ్చని 2009లో డీఎక్స్‌ఓ పరిశోధకులు ప్రతిపాదించారు. అందులో పదునుపెట్టడానికి పొడవాటి సరళమైన అంచులుండవు, నున్నగా తుడవడానికి ఖాళీ చోటూ ఉండదు. మూడోది ఐఎస్‌ఓ 12233 సవరణ. 2014 కూర్పులో ఏటవాలు అంచు కాంట్రాస్ట్‌ను 4:1కి తగ్గించి, కేంద్రం నుంచి కిరణాల్లా విచ్చుకునే సీమెన్స్ నక్షత్ర చార్టును కూడా చేర్చారు. అంచు ఫలితానికీ నక్షత్ర ఫలితానికీ మధ్య తేడా ఎక్కువగా ఉంటే ప్రాసెసర్ జోక్యం గట్టిగా ఉందని అర్థం.

ఈ పద్ధతులు పదునెక్కే నాటికి కాంపాక్ట్ కెమెరాల కాలం వాలిపోతోంది. సీపా లెక్కల ప్రకారం లెన్సు బిగించి ఉండే కెమెరాల సరఫరా 2010లో 10 కోట్లు దాటింది. 2019 నాటికి 70 లక్షల లోపుకు పడిపోయింది. వాటి స్థానాన్ని ఫోన్లు తీసుకున్నాయి, వాటితో పాటే పరీక్షలనూ వారసత్వంగా అందుకున్నాయి. ఫోన్ కెమెరాల కోసం రూపొందిన ఐఈఈఈ 1858 ప్రమాణంలో ఏటవాలు అంచు, అల్లికల చార్టు రెండూ ఉన్నాయి. పలు ఫ్రేములను కలిపి ఒక్క బొమ్మ చేసే ఫోన్లకు కదలని చార్టు ఒక్కటే చాలదు కాబట్టి, నేటి పరీక్షాశాలలు కదిలే బొమ్మలను, మనిషి ముఖం నమూనాలను, బయట తీసిన మామూలు ఫొటోలను కూడా కొలతలతో కలిపి చూస్తున్నాయి.