డాక్టరు పరిశోధకుడయ్యే దారిలో గైడ్ సంతకం: డిచ్‌పల్లి నుంచి ఒక పరిశీలన

డిచ్‌పల్లి అనగానే ఇవాళ విద్యార్థులకు గుర్తొచ్చేది 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే ఈ ఊరి పేరు వైద్య పరిశోధనా పత్రికల్లో అచ్చయింది. కారణం కుష్టు వ్యాధి ఆసుపత్రి.

స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెథడిస్ట్ మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్, రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో, 1915లో ఇక్కడ విక్టోరియా ఆసుపత్రి మొదలుపెట్టారు. కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ అభివృద్ధి చేసిన హిడ్నోకార్పస్ నూనె ఇంజెక్షన్ల చికిత్సను ఆమె ఇక్కడికి తెచ్చారు. తర్వాత ఇక్కడ పనిచేసిన జాన్ లోవ్ కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌కు, అక్కడి నుంచి నైజీరియాలోని ఉజుఆకోలికి వెళ్లారు. 1940ల చివర డాప్సోన్‌ను నోటి ద్వారా ఇచ్చి కుష్టును నయం చేయవచ్చని చూపినవారిలో ఆయన ముఖ్యుడు. ఉజుఆకోలిలో ఆయనతో కలిసి పనిచేసిన ఫ్రాంక్ డేవీ తర్వాత డిచ్‌పల్లికే వచ్చారు. ఇక్కడి రోగుల ముక్కు స్రావంలో కుష్టు క్రిములు భారీగా ఉంటాయని లండన్ శాస్త్రవేత్త రీస్‌తో కలిసి 1974లో ప్రచురించారు. వ్యాధి ఒకరి నుంచి ఒకరికి ఎలా సోకుతుందన్న చర్చలో ఆ పత్రాన్ని ఇప్పటికీ ఉదహరిస్తారు.

మ్యూర్, కెర్, లోవ్, డేవీ. మంచం పక్కన ఏ ప్రశ్న అడగాలి, రికార్డు ఎలా రాయాలి అన్నది ఇలా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందింది. ఇప్పుడు దాన్నే మెంటార్‌షిప్ అంటున్నారు. స్రావం ఇచ్చిన రోగుల పేర్లు పత్రాల్లో ఉండవు, ఉండకూడదు కూడా. కానీ ఊరు వెలివేసిన ఆ మనుషుల పిల్లలకు, మనవలకు ఈ వరుసలో చోటు దొరకడానికి ఏ ఏర్పాటు ఉందన్నది మేము వేస్తున్న ప్రశ్న.

ఇవాళ దారులు లేకపోలేదు. ఎంబీబీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ 1979 నుంచి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. రెండు నెలల చిన్న ప్రాజెక్టు, సొంత కాలేజీ అధ్యాపకుడే గైడ్. ఎండీ, ఎంఎస్‌లలో థీసిస్ తప్పనిసరి. ఆ పైన, 2008లో మొదలై హైదరాబాద్ కేంద్రంగా నడుస్తున్న ఇండియా అలయన్స్, పరిశోధన వైపు వచ్చే యువ వైద్యులకు ఐదేళ్ల ఫెలోషిప్పులు ఇస్తోంది.

ఈ దారులన్నిటా ముందుగా కావలసింది ఒక పెద్దమనిషి ఒప్పుకోలు. రిజర్వేషన్ మనల్ని సీటు దాకా తీసుకొస్తుంది. గైడ్ గది తలుపు దగ్గర దాని పని అయిపోతుంది. ఎవరిని తీసుకోవాలి, ఎవరికి మంచి డేటా ఇవ్వాలి, ఎవరి పేరు మొదట వేయాలి అన్నవాటికి రోస్టర్ లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల అధ్యాపకుల వివక్షను థోరట్ కమిటీ 2007లోనే నమోదు చేసింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పీహెచ్‌డీ విద్యార్థి సెంథిల్ కుమార్ 2008లో చనిపోయేనాటికి ఆయనకు సూపర్‌వైజర్ లేరు. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ పీహెచ్‌డీవాళ్లకే, ఎండీ చదువుతూ పరిశోధన చేసే డాక్టరుకు రాదు. (మాలో ఒకరు గైడ్ కోసం ఏడాదిపాటు గదులన్నీ తిరిగారు. "మీ ఇంట్లో ఎవరైనా డాక్టర్లున్నారా" అన్నది ప్రతి గదిలోనూ ఎదురైన మొదటి ప్రశ్న.)

డిచ్‌పల్లికి దగ్గర్లోనే, నిజామాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2013 నుంచి నడుస్తోంది. అక్కడైనా మరో ప్రభుత్వ కాలేజీలోనైనా విద్యార్థి సంఘాలు వెంటనే చేయగల పని ఒకటుంది. గత ఐదేళ్లలో ఏ గైడ్ కింద ఎంతమంది ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు థీసిస్ చేశారు, ఐసీఎంఆర్ స్టూడెంట్‌షిప్‌కు ఎంతమంది దరఖాస్తులపై సంతకాలయ్యాయి అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తు రుసుము పది రూపాయలు.