పిల్లల ఆటల ఎంపిక (బాన్సువాడ ప్రాంతం)

బాన్సువాడ కామారెడ్డి జిల్లాలో, నిజాంసాగర్ కాలువల కింద వరి పండే పట్టణ ప్రాంతం. 2016 అక్టోబరు వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఓనగుంతలు, అష్టాచెమ్మ, పులి-మేక, చిర్రగోనె, గోటీలు, తొక్కుడుబిళ్ల తెలంగాణ పల్లెలన్నిటి ఉమ్మడి ఆస్తి. చింతగింజలు, గవ్వలు, సుద్దముక్క ఉంటే వీటిలో చాలావాటికి పైసా ఖర్చుండదు. వయసుకు తగిన ఆట ఏదో తెలుసుకోవడమే పెద్దల పని.

మూడేళ్లలోపు వారి చేతికి గింజలు, గోటీలు, గవ్వలు ఇవ్వకూడదు. మింగితే గొంతుకు అడ్డం పడతాయి. గిన్నెలు, మూతలు, ఇసుక, దాగుడుమూతలు వాళ్లకు చాలు. నాలుగైదేళ్లకు ఒంటికాలి గెంతు పట్టుబడుతుంది కనుక తొక్కుడుబిళ్ల మొదలుపెట్టవచ్చు.

లెక్క నేర్పడంలో ఓనగుంతలకు సాటి లేదు. రెండు వరుసల్లో 14 గుంతలు, గుంతకు నాలుగేసి చొప్పున 56 గింజలు. ఒక గుంతలోవి తీసి వరుసగా ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంతలోవి తీయాలి. అది ఖాళీగా ఉంటే దాని పక్క గుంతలోవి గెలుచుకుని ఆట వదలాలి. నియమాలు ఊరూరికీ కాస్త మారతాయి గానీ, ఈ పద్ధతిలో మొదటి ఆటగాడు ఎక్కడ ఎత్తినా ఆరు గింజలే వస్తాయి. అసలు ఎంపిక రెండో ఆటగాడితో మొదలవుతుంది. ఏ గుంత ఎత్తితే ఎక్కడ ఆగుతామో చెయ్యి పెట్టకముందే మనసులో లెక్కకట్టే పిల్లకు కూడికలు విడిగా నేర్పనక్కర్లేదు.

అష్టాచెమ్మలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. పందెం అదృష్టానిదే అయినా ఏ కాయ జరపాలన్నది ఆలోచన. పులి-మేకలో మూడు పులులు, 15 మేకలు. పిల్లలంతా పులి కావాలంటారు, కానీ మేకల పక్షమే ఎక్కువ నేర్పుతుంది. ఒంటరి మేక చిక్కిపోతుంది, జతగా కదిలిన మేకలు పులిని కట్టేస్తాయి.

2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3–8 ఏళ్ల చదువుకు ఆటనే ఆధారం చేసింది. కొనే బొమ్మలపై ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి, అది చూసే కొనండి. ఆట మధ్యలో పిల్లలు నియమం గురించి తగువు పడితే వెంటనే తీర్పు చెప్పకండి, కాసేపు వాళ్లనే తేల్చుకోనివ్వండి.