పెనుకొండ కింద మేము

"మీది ఏ ఊరు?" అని అడుగుతారు. "హిందూపురం" అంటాం. అడిగినాయన నవ్వుతాడు. "సాయిబువి, నీది హిందూపురమా!" అంటాడు. ఆ నవ్వు మాకు కొత్త కాదు. ఆ ఊరికి పేరొచ్చింది మతం నుంచి కాదు, గుత్తి మురారిరావు తండ్రి హిందూరావు పేరు మీద అని మా పెద్దలు చెప్పే మాట. మనిషి పేరును మతం పేరుగా చదివే కళ్లకు మా చరిత్ర కనపడదు. అందుకే ఈ నాలుగు మాటలు.

చరిత్ర అనగానే మాకు అంటగట్టేది నవాబుల చరిత్ర. మేము నవాబులం ఎప్పుడయ్యాం? మా సీమ 1800లోనే నిజాం చేతిలోంచి కుంఫిణీ చేతిలోకి పోయింది. 1948లో పోలీసు చర్య జరిగేనాటికి మేము మద్రాసు రాష్ట్రపు మనుషులం. అయినా రజాకార్ల పాపమూ మాదే అంటారు, తాజ్‌మహల్ గొప్పా మాదే అంటారు. రెండూ మావి కావు. మావి దూది ఏకే విల్లు, పట్టుగూళ్లు ఉడికే బాన, కరువుకు ఎండిన బావి. దెబ్బ తినడం, మళ్లీ లేవడం. ఇదీ మా చరిత్ర. దాన్ని పెనుకొండ దగ్గర మొదలుపెట్టాలి.

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాడు. విజయనగరం పాడుబడింది. తమ్ముడు తిరుమలరాయలు వచ్చి పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. మా పిల్లలు బడిలో ఈ పాఠం వినేటప్పుడు పక్క పిల్లలు వాళ్ల వైపు తిరిగి చూస్తారు. నగరాన్ని కొల్లగొట్టింది సుల్తానుల సైన్యాలే. ఆ విధ్వంసాన్ని మేము కడిగెయ్యం. కానీ మిగతా సగం కూడా చెప్పాలి కదా! అదే విజయనగరంలో రెండో దేవరాయలు ముస్లిం విలుకాళ్లను కొలువులో పెట్టుకున్నాడు. ఆ కొలువులోని అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు హంపీలో ఇప్పటికీ నిలిచి ఉంది. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ప్రాణభయంతో ఏడేళ్లు తలదాచుకున్నది విజయనగరంలోనే. తర్వాత ఆ రామరాయల మీదికే దండెత్తిన వాళ్లలో ఆయనా ఒకడు. తెలుగు కవులు మల్కిభరాముడని పొగిడిందీ ఆయన్నే. ఇందులో మతం ఎంత, రాజ్యం ఎంత? మీరే తూచి చెప్పండి.

ఇంకో సంగతి. పాఠం 1565తో ఆగిపోతుంది, చరిత్ర ఆగలేదు. ఓడినవాళ్లు ఈ కొండ మీద కోటలు బలపరచుకున్నారు. 1577లో బీజాపూర్ సేన ముట్టడిస్తే తిప్పికొట్టారు. 1592లో రాజధాని చంద్రగిరికి మారింది. యుద్ధం తర్వాత ఆ రాజ్యం ఇంచుమించు ఎనభై ఏళ్లు బతికింది. పెనుకొండ అంటే ఓడినవాళ్లు లేచి నిలబడిన ఊరు. అది రాజులకు నేర్పిన పాఠం అయితే, కొండ కింద ఉన్న మాకూ నేర్పింది.

ఆ కొండ కిందే బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. జనం నోట బాబయ్య స్వామి. ఎండిన పళ్లపుల్లను నేలలో గుచ్చు, అది చిగిర్చిన చోట ఆగిపో అని గురువు చెప్పి పంపాడట. అది చిగిర్చింది పెనుకొండలో. నిజమా కాదా అని మేము వాదించం. తరతరాలుగా దెబ్బ తిన్న జనం ఎందుకు ఈ కథనే దాచుకున్నారో మాకు తెలుసు. ఉరుసుకు తురకలే కాదు, అన్ని కులాల వాళ్లూ వస్తారు, చక్కెర చదివిస్తారు.

బాబయ్యను గురువుగా తలుచుకునే వాళ్లలో మా దూదేకులవాళ్లు ఉన్నారు. మా జేజినాయనలు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు కుట్టేవాళ్లు. ఇంట్లో తెలుగే. పేర్లు హుస్సేనప్ప, ఫకీరప్ప, మస్తానమ్మ. ఉర్దూ రాదని ఒకవైపు ఎగతాళి, సాయిబులని ఇంకోవైపు ఎగతాళి. తర్వాత మర వచ్చింది, ఆ వెనక స్పాంజి పరుపు వచ్చింది. విల్లు అటక ఎక్కింది. మర వచ్చి అన్నం లాక్కున్న రోజు ఏ రాజ్యం కూలినట్టూ ఎవరూ రాయలేదు. కానీ మా ఇళ్లలో అదే 1565.

అయినా చేతులు మిగిలాయి. కొందరు నాదస్వరం పట్టారు. కొందరు మెకానిక్కులయ్యారు. కొందరు హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు చుట్టూ బతుకు వెతుక్కున్నారు. ఉడికే నీళ్లలో గూళ్లు కలుపుతూ పోగు అందుకునే ఆడవాళ్ల వేళ్లు తెల్లగా నాని, పగిలి ఉంటాయి. ఆ పోగు ధర్మవరం చేరి, మగ్గం మీద పెళ్లి చీర అవుతుంది. రైతు ఎవరో, దారం తీసిందెవరో, నేసిందెవరో చీరకు తెలియదు.

2011 కేంద్ర బడ్జెట్లో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. చైనా పట్టు చవకైంది, ఇక్కడ గూళ్ల ధర పడింది. 2013లో సుంకాన్ని 15కు పెంచారు గానీ, ఈలోపు ఎందరో మల్బరీ తోటలు పెరికేశారు. ధర్మవరంలో చేమగ్గాన్ని మరమగ్గం తరిమింది. అప్పు వచ్చినప్పుడు పద్మశాలికీ తొగటకూ సాయిబుకూ వడ్డీ ఒకటే.

కానీ మాకు అప్పు మీద అనుమానం అదనం. 1992 డిసెంబరు 6 తర్వాత మా ముఖాల్లోకి చూసిన చూపులు మారాయి. 2020లో జబ్బును కూడా మా మతం పేరుతో పిలిచారు. అదే ఏడు ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగ్‌కు వచ్చిన విదేశీయుల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని అంది. తీర్పు వచ్చింది. మా వీధిలో కూరగాయల బండిని వెనక్కి పంపినవాళ్లు ఆ తీర్పు చదివారా?

"మీ వాళ్లకు ఓర్పు ఎక్కువ" అని మంచివాళ్లు మెచ్చుకుంటారు. ఆ మెప్పు మాకొద్దు. సబర్ అంటే నోరు మూసుకోవడం కాదు. సబర్ అంటే పట్టు వదలకపోవడం. దూదేకులవాళ్లకు 1970లో బీసీ జాబితాలో చోటు దొరికింది. మిగతా పేద ముస్లిం కులాల్లో చాలావాటికి 2007 దాకా నిలకడగా దొరకలేదు. ఆ 4 శాతం కూడా 2010లో హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. ఆ సన్నటి సందులోంచి మా ఇళ్ల ఆడపిల్లలు నర్సులయ్యారు, టీచర్లయ్యారు. జేజి వేళ్లు పగిలిన ఇంట్లో మనవరాలు ఆ వేళ్లతోనే సుద్దముక్క పట్టింది. దెబ్బ తిన్నవాడు ఆశ ఒక్కదానితో లేవడు. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. సీటో, గూళ్లకు గిట్టుబాటు ధరో, పక్కింటివాడి చెయ్యో.

ఇప్పుడు మా ఊళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. 2022లో జిల్లా మారింది, పటం మారింది. మేము మాత్రం అక్కడే ఉన్నాం. ఎవరో దయతలచి ఉండనిచ్చిన అతిథులం కాదు. ఓడిన రాజులు వచ్చి చేరిన కొండ కింద, ఎండిన పుల్ల చిగిర్చిందని నమ్మే ఊళ్లో, మేమూ ఓడి, మేమూ చిగిర్చిన వాళ్లం. మీది ఏ ఊరని ఇంకోసారి అడగండి. హిందూపురమనే చెబుతాం. ఈసారి నవ్వకుండా వినండి.